ప్లాటినం పరమాణువులు నడిచి స్ఫటికం కట్టడాన్ని చూడటం ఎలా

పలచని కార్బన్ పొర మీద విడివిడిగా పడివున్న ప్లాటినం పరమాణువులు ఒక్కొక్కటే జరుగుతూ, ఒకదాని పక్కకు ఒకటి చేరి, ఒకటిన్నర నానోమీటర్ల స్ఫటికంగా కుదురుకోవడాన్ని ఒక పూట కూర్చుని కళ్లారా చూడొచ్చు. అందుకు అబెర్రేషన్ కరెక్టర్ (కటకాల లోపాలను సరిదిద్దే భాగం) ఉన్న స్కానింగ్ ట్రాన్స్‌మిషన్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కావాలి. సన్నని ఎలక్ట్రాన్ పుంజాన్ని నమూనా మీద గీత గీతగా తిప్పి చిత్రం కట్టే యంత్రం అది. ప్రయోగశాలల్లో దాన్ని స్టెమ్ అనే అంటారు. బెంగళూరు ఐఐఎస్‌సీ లాంటి చోట్ల ఇది ఉమ్మడి సదుపాయంగా ఉంటుంది, స్లాట్ తీసుకుని వాడుకోవాలి. స్లాట్‌లో చేసే పని కన్నా దానికి ముందు వారం రోజులు చేసే పనే ఎక్కువ.

ఒక మాట ముందే చెప్పుకోవాలి. తెర మీద చుక్కలు కనబడితే సగం పని కూడా అయినట్టు కాదు. చుక్క కదిలింది తనంతట తానా, మనం వేసిన ఎలక్ట్రాన్ పుంజం నెట్టిందా అన్నది తేల్చాలి. ఈ తేడా పట్టించుకోకుండా తీసిన వీడియోలు చూడ్డానికి బాగుంటాయి, వాటి నుంచి లెక్క ఒక్కటీ రాదు.

పరమాణువును చూడటం కొత్త విషయమేమీ కాదు. 1955లో పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో ఎర్విన్ ముల్లర్, ఆయన దగ్గర పనిచేసిన భారతీయ విద్యార్థి కన్వర్ బహదూర్ టంగ్‌స్టన్ సూదిమొన మీది పరమాణువులను ఫీల్డ్ అయాన్ మైక్రోస్కోప్‌లో చూశారు. 1970లో షికాగోలో ఆల్బర్ట్ క్రూ బృందం కార్బన్ పొర మీద విడి థోరియం, యురేనియం పరమాణువులను స్టెమ్‌లోనే చూపింది. ఇప్పటి పద్ధతి క్రూ దారిలోదే. పుంజం మాత్రం సన్నబడింది.

ప్లాటినమే ఎందుకు

పెద్ద కోణాల్లో చెదిరిన ఎలక్ట్రాన్లను మాత్రమే ఏరుకునే వలయాకారపు డిటెక్టర్‌లో పరమాణువు మెరుపు దాని పరమాణు సంఖ్య మీద ఆధారపడుతుంది, దాదాపు ఆ సంఖ్యకు 1.6 లేక 1.7 ఘాతం చొప్పున. కార్బన్ 6, ప్లాటినం 78. లెక్క వేస్తే ఒక్క ప్లాటినం పరమాణువు ఒక్క కార్బన్ కన్నా 70 రెట్లు మెరుస్తుంది. గ్రాఫీన్‌లో (ఒకే పరమాణువు మందపు కార్బన్ పొరలో) తరచుగా దొంగచాటుగా చేరే సిలికాన్‌తో పోల్చినా 17 రెట్లు. అందుకే సిలికాన్‌ను చూసి ప్లాటినం అని పొరబడటం, మెరుపును కొలిచేవాళ్లకు, జరగదు. కంటితో అంచనా వేసేవాళ్లకు రోజూ జరుగుతుంది.

బంగారం, ఆస్మియం, ఇరీడియం కూడా ఇంతే బాగా కనిపిస్తాయి. ప్లాటినంలో ఉన్న సుఖం ఏమిటంటే, లీటరుకు 1000 మిల్లీగ్రాముల ప్రామాణిక ద్రావణం సీసాలో సిద్ధంగా దొరుకుతుంది. క్లోరోప్లాటినిక్ ఆమ్లం స్ఫటికాలు కొని 5 మిల్లీగ్రాములు తూచే ప్రయత్నం చేయొద్దు. అవి గాలిలోని తేమ పీల్చి తూకాన్ని చెడగొడతాయి. పైగా క్లోరోప్లాటినేట్ దుమ్ము ఊపిరితిత్తులకు తీవ్రమైన ఎలర్జీ తెస్తుంది. ఒకసారి పట్టుకుంటే ఆ తర్వాత అతి కొద్దిపాటి దుమ్ముకే ఆయాసం వస్తుంది. ద్రావణమైనా చేతి తొడుగులతో, ఫ్యూమ్ హుడ్‌లోనే.

ఎన్ని పరమాణువులు వేయాలి

చాలామంది ఇక్కడే తప్పుతారు. కార్బన్ పొరను మోసే చిన్న లోహపు జల్లెడ బిళ్లను గ్రిడ్ అంటారు. దాని వ్యాసం 3.05 మిల్లీమీటర్లు, అంటే 7.3 చదరపు మిల్లీమీటర్లు. 1 మైక్రోమోలార్ (లీటరుకు మోల్‌లో పది లక్షలో వంతు) ద్రావణం 5 మైక్రోలీటర్లు వేసి పూర్తిగా ఆరనిస్తే దాని మీద 3 లక్షల కోట్ల పరమాణువులు పడతాయి. చదరపు నానోమీటరుకు 0.41. పది నానోమీటర్ల చదరంలో నలభై ఒకటి. ఆ నలభై ఒక్కటీ ఒకచోట చేరితే వచ్చే గుళిక వ్యాసం 1.06 నానోమీటర్లు మాత్రమే. మిల్లీమోలార్ ద్రావణం వేస్తే దీనికి వెయ్యి రెట్లు. అప్పుడు కనిపించేది పరమాణువులు కాదు, ఉప్పు గడ్డలు.

అందుకే రెండు గ్రిడ్లు చేసుకోవాలి. స్ఫటికం కట్టడం చూడ్డానికి 1 మైక్రోమోలార్. ఒక్కో పరమాణువు నడకను వెంబడించడానికి 0.25 మైక్రోమోలార్. రెండో దానిలో దగ్గరి పొరుగు సగటున 1.6 నానోమీటర్ల దూరంలో ఉంటుంది కాబట్టి, ఈ ఫ్రేమ్‌లోని చుక్క తర్వాతి ఫ్రేమ్‌లో ఏది అన్న అయోమయం తక్కువ. మొదటి దానిలో పొరుగు దూరం 0.8 నానోమీటర్లే. అక్కడ ఒక్కో చుక్కకు పేరు పెట్టి వెంబడించాలని చూస్తే కాకిలెక్కలే వస్తాయి.

ప్రామాణిక ద్రావణం గాఢత 5.13 మిల్లీమోలార్. దానిలో 100 మైక్రోలీటర్లు తీసి నీటితో 10 మిల్లీలీటర్లకు చేస్తే 51 మైక్రోమోలార్ అవుతుంది. అందులో 195 మైక్రోలీటర్లు తీసి మళ్లీ 10 మిల్లీలీటర్లకు చేస్తే 1 మైక్రోమోలార్. ఇందులో 2.5 మిల్లీలీటర్లు తీసి 10 మిల్లీలీటర్లకు చేస్తే 0.25. నీళ్లు అయాన్లు తీసినవై ఉండాలి, సీసాలు పాలీప్రొపిలీన్‌వి. ఇంత పలచన చేసిన ద్రావణంలోని ప్లాటినం గాజు గోడలకు అంటుకుపోయి, లెక్కలో ఉన్నంత గ్రిడ్ మీదకు రాదు. వెలుతురులో క్లోరైడ్ ఊడి నీళ్లు అతుక్కుంటాయి కాబట్టి పలచన చేసింది ఆ రోజే వాడి పారేయాలి.

గ్రిడ్, పొర

రాగి గ్రిడ్ వద్దు. ప్లాటినం లవణం తగలగానే రాగి కరిగి, ప్లాటినం రాగి కడ్డీల మీద లోహంగా పేరుకుంటుంది. కరిగిన రాగేమో పొర మీదికి వచ్చి చేరుతుంది. మీకు కావలసిన పరమాణువులు కడ్డీ మీద, అక్కర్లేనివి పొర మీద! నికెల్ గ్రిడ్‌తోనూ ఇదే తంటా. బంగారు గ్రిడ్ తీసుకోండి. దానితో చిక్కల్లా ఎక్స్‌రే వర్ణపటంలో ప్లాటినం 9.44 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శిఖరం పక్కనే బంగారం 9.71 శిఖరం వచ్చి మీద పడటం. గది ఉష్ణోగ్రతలో బంగారం కడ్డీల నుంచి కదిలి రాదు కాబట్టి ఆ ఇబ్బంది భరించొచ్చు. బంగారపు పరమాణువులనే చూడాలనుకుంటే మాత్రం బంగారు గ్రిడ్ ముట్టుకోకూడదు.

పొర విషయంలో ఆశకు పోయి మొదటిసారే గ్రాఫీన్ ఎక్కొద్దు. మచ్చలేని గ్రాఫీన్ మీద విడి లోహ పరమాణువు నిలవదు. పడిన చోటు నుంచి జారిపోయి అంచులకో, లోపాలకో, హైడ్రోకార్బన్ మురికికో తగులుకుంటుంది. శుభ్రమైన భాగం బోసిగా, మురికి భాగం చుక్కలతో నిండుగా కనిపిస్తే నమూనా చెడిందని అనుకోకండి, గ్రాఫీన్ తీరే అంత. లేసీ కార్బన్ (లేసులా కన్నాలున్న కార్బన్ వల) మీద పరిచిన 2–3 నానోమీటర్ల స్ఫటికం కాని కార్బన్ పొరతో మొదలుపెట్టండి. దాని గరుకుతనమే పరమాణువులకు పట్టు. పొర 20 నానోమీటర్లు ఉంటే నేపథ్యం ఎగుడుదిగుడుల్లో పరమాణువు మెరుపు కలిసిపోతుంది.

ఇంకో దారి కూడా ఉంది. 2014లో బ్రిటన్‌లోని వార్విక్ విశ్వవిద్యాలయం పరిశోధకులు బోరాన్, గంధకం ఉన్న ఆస్మియం సమ్మేళనాన్ని పాలిమర్ మైసెల్‌లలో (అణువులు గుంపుగా చేరిన సూక్ష్మ గోళాల్లో) పొదిగి, ఎలక్ట్రాన్ పుంజం కింద పెట్టారు. పాలిమర్ కాలి గ్రాఫీన్ లాంటి పొరగా మారింది. అందులో బోరాన్, గంధకం కలిసిపోయి ఆస్మియం పరమాణువులను పట్టి ఉంచాయి. అవి మెల్లగా జరగడం, ఒకటిన్నర నానోమీటర్ల స్ఫటికాలు కట్టడం దానివల్లే చూడగలిగారు. పరమాణువు పరుగును తగ్గించే కొక్కేలను పొరలోనే పెట్టుకోవడం ఇందులోని కిటుకు.

ఖాళీ గ్రిడ్‌ను చుక్క వేయకముందే వాక్యూమ్‌లో 150 డిగ్రీల దగ్గర ఎనిమిది గంటలు వేడిచేయండి. చుక్క వేశాక ఆ వేడి పెడితే మురికితో పాటు పరమాణువులూ కదిలి, మైక్రోస్కోప్‌లోకి వెళ్లేలోగా గుళికలైపోతాయి. కార్బన్ పొర నీటిని పట్టుకోకపోతే గ్లో డిశ్చార్జ్ (పొరకు కాసేపు పలచని ప్లాస్మా చూపించడం) తక్కువ పవర్‌లో పది సెకన్లలోపు చాలు. గ్రాఫీన్‌కు మాత్రం ఆక్సిజన్ ప్లాస్మా చూపించొద్దు, సెకన్లలో తినేస్తుంది.

గ్రిడ్‌ను తనంతట తాను మూసుకునే పట్టకారుతో అంచున పట్టుకుని 5 మైక్రోలీటర్లు వేయండి. చుక్క పట్టకారు రెండు కాళ్ల మధ్యకు పాకితే ఆ గ్రిడ్ పక్కన పెట్టేయడమే, ఎంత మిగిలిందో చెప్పలేం. మూత పెట్టి, వెలుతురు తగలకుండా మెల్లగా ఆరనివ్వండి. ఆరిన చుక్క అంచున ఉంగరంలా ఎక్కువ, నడుమ తక్కువ పేరుకుంటుంది కాబట్టి పైన వేసిన లెక్క సగటుకే వర్తిస్తుంది. చూసేటప్పుడు నడుమ భాగంలో వెతకండి. ఆరాక 80 డిగ్రీల దగ్గర వాక్యూమ్‌లో రాత్రంతా ఉంచితే చాలు.

ఇంకో గ్రిడ్‌కు ఇవే పనులన్నీ చేసి, ద్రావణం బదులు వట్టి నీళ్లు వేయండి. ఎక్కువమంది ఎగ్గొట్టేది ఈ గ్రిడ్‌నే. దాని మీద కూడా మెరిసే చుక్కలు కనబడితే, అవి పట్టకారు నుంచో, సీసా నుంచో, పొర తయారీలోనో వచ్చాయి. మీ గ్రిడ్‌లో లెక్కపెట్టిన వాటిలోంచి అన్ని తీసేయాలి.

వోల్టేజీ, పుంజం

80 కిలోవోల్టుల ఎలక్ట్రాన్ ఎదురెదురుగా ఢీకొంటే కార్బన్ పరమాణువుకు గరిష్ఠంగా 15.8 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి, ప్లాటినానికి 0.97 ఇస్తుంది. 60 కిలోవోల్టుల దగ్గర ఇవి 11.6, 0.71. 200 దగ్గర కార్బన్‌కు 43.7. గ్రాఫీన్ నుంచి కార్బన్‌ను పీకేయడానికి సుమారు 22 కావాలి. కాబట్టి 200 కిలోవోల్టులు పనికిరావు, 80 ఫరవాలేదు, 60 మేలు. అంచుల్లో, లోపాల దగ్గర కార్బన్ ఇంతకన్నా వదులుగా ఉంటుంది. ప్లాటినం పట్టుకుని ఉండేది కూడా సరిగ్గా అక్కడే. పుంజం ప్లాటినాన్ని నేరుగా నెట్టకపోయినా దాని కాలి కింది కార్బన్‌ను కదిపి నడిపిస్తుంది.

సుమారు సెట్టింగులు ఇవి: కన్వర్జెన్స్ సగం కోణం (పుంజం నమూనా మీదికి కూడే కోణంలో సగం) 30 మిల్లీరేడియన్లు, డిటెక్టర్ లోపలి కోణం 80 చుట్టుపక్కల, పుంజం ప్రవాహం 30 పికోఆంపియర్లు, పిక్సెల్ 0.03 నానోమీటర్లు, 512 × 512 పిక్సెళ్లు, ఒక్కో పిక్సెల్ దగ్గర 4 మైక్రోసెకన్లు. ఫ్రేమ్‌కు సెకను పైచిలుకు, వెడల్పు 15.4 నానోమీటర్లు. పిక్సెల్‌కు 750 ఎలక్ట్రాన్లు వెళ్తాయి, అందులో డిటెక్టర్‌కు చేరేవి కొద్ది. ఫ్రేమ్‌కు చదరపు ఆంగ్‌స్ట్రామ్‌కు 8,300 ఎలక్ట్రాన్ల మోతాదు. ఇది చిన్నదేమీ కాదు, పుస్తకంలో ప్రతి ఫ్రేమ్ పక్కనా రాసిపెట్టండి.

నమూనా లోపల పెట్టాక అరగంట నుంచి గంట ఆగండి, హోల్డర్ ఉష్ణోగ్రత కుదురుకునేదాకా చిత్రం జారుతూనే ఉంటుంది. రోంచిగ్రామ్‌ను (కటకాల లోపాలను చూపే నీడ చిత్రాన్ని) సరిచేయడం, ఫోకస్ పట్టడం చూడబోయే చోట చేయొద్దు. వంద నానోమీటర్ల అవతల చేసుకుని, పుంజం మూసి, జరిగి, తెరిచిన మొదటి ఫ్రేమ్ నుంచే రికార్డు చేయండి. ఆ మొదటి ఫ్రేమే అన్నిటికన్నా విలువైనది. అంతకుముందు ఎలక్ట్రాన్ తగలని పరమాణువులు అందులోనే ఉంటాయి.

డిటెక్టర్ నల్లమట్టం (ఎలక్ట్రాన్లు పడనప్పుడు అది చూపే విలువ) సున్నాకు పైన ఉందో లేదో చూడండి. మరీ కిందికి దించితే చీకటి భాగాలన్నీ సున్నాకు కోసుకుపోయి చిత్రం ముచ్చటగా కనిపిస్తుంది, మెరుపు కొలత మాత్రం అబద్ధమవుతుంది. దాచుకునేది 16 బిట్ల ముడి ఫైల్. 8 బిట్ల చిత్రం స్లైడ్లకు తప్ప దేనికీ పనికిరాదు.

నెట్టింది ఎవరు

గది ఉష్ణోగ్రతలో పరమాణువు సెకనుకు ఎన్నిసార్లు దూకుతుందో అది దాటాల్సిన అడ్డుగోడ ఎత్తు చెబుతుంది. పరమాణువు సెకనుకు 10 లక్షల కోట్ల సార్లు ప్రయత్నిస్తుందని తీసుకుంటే, అడ్డు 0.6 ఎలక్ట్రాన్ వోల్టులైతే సెకనుకు కొన్ని వందల దూకుళ్లు, ఫ్రేమ్‌లో కనిపించేది మసక గీత. 0.75 అయితే సెకనుకు రెండు. 0.9 అయితే రెండు మూడు నిమిషాలకు ఒకటి. 1.0 అయితే రెండు గంటలకు ఒకటి. అంటే సెకను ఫ్రేములతో, వేడి వల్ల జరిగే దూకుళ్లను హాయిగా వెంబడించగల సందు చాలా ఇరుకు. అన్ని పరమాణువులూ సెకనుకోసారి చక్కగా దూకుతూ కనబడితే, ముందు పుంజాన్నే అనుమానించాలి.

తేల్చుకోవడానికి పరీక్షలున్నాయి. ఒక చోట అరవై ఫ్రేములు వరసగా తీయండి. ఇంకో చోట ఒక ఫ్రేమ్ తీసి, పుంజం మూసి, అంతే సమయం ఆగి, రెండో ఫ్రేమ్ తీయండి. రెండో చోట పరమాణువులు దాదాపు కదలకుండా ఉంటే, మొదటి చోట మీరు చూసింది పుంజం తోసిన నడక. తర్వాత ప్రవాహాన్ని సగం చేసి చూడండి. సెకనుకు దూకుళ్లు కూడా సగమైతే అదే నిర్ధారణ. హీటింగ్ హోల్డర్ ఉంటే ఇంతకన్నా గట్టి సాక్ష్యం దొరుకుతుంది. 0.9 అడ్డు ఉన్న దూకుడు 25 నుంచి 100 డిగ్రీలకు వెళ్లేసరికి వెయ్యి రెట్లు పెరగాలి. రెండింతలో మూడింతలో మాత్రమే పెరిగితే వేడిది పేరు మాత్రమే, పని పుంజానిది. చివరిగా, అంతా అయిపోయాక 60 నానోమీటర్ల వెడల్పున ఒక్క ఫ్రేమ్ తీయండి. మీరు స్కాన్ చేసిన చదరంలోనే గుళికలు పెద్దవై, చుట్టూ విడి చుక్కలు అలాగే ఉంటే ఇక వాదన అక్కర్లేదు.

పుంజం నడిపించినంత మాత్రాన ప్రయోగం వ్యర్థం కాదు. స్ఫటికం ఎలా కడుతుందో చూడ్డానికి అది చక్కగా పనికొస్తుంది. ఆ నడకను ఉష్ణ విసరణ (వేడి వల్లే జరిగే నడక) అని పిలిచి, దాని నుంచి అడ్డుగోడ ఎత్తు లెక్కగడితేనే మొదటికి మోసం.

చుక్కను వెంబడించడం

చిత్రం జారుడును సరిదిద్దేటప్పుడు కదిలే పరమాణువులను ఆనవాలుగా తీసుకోకండి. కదలని పెద్ద గుళికో, పొర అంచో కావాలి. ప్రతి చుక్కకూ ముడి చిత్రంలోనే గాస్ ఆకారం (గంట ఆకారపు వక్రం) అమర్చి కేంద్రం పట్టండి, నునుపు చేసిన చిత్రంలో కాదు. ఫ్రేముల మధ్య జత కలిపే గరిష్ఠ దూరం పొరుగు దూరంలో సగం దాటకూడదు. 0.25 మైక్రోమోలార్ గ్రిడ్‌లో అది 0.8 నానోమీటర్లు.

సగం కోసిన చంద్రవంకలా, పైనో కిందో అడ్డంగా తెగిన చుక్కలు కొన్ని కనిపిస్తాయి. అవి లోపాలు కావు. పుంజం గీత గీతగా దిగుతుంటే మధ్యలో పరమాణువు ఎగిరిపోయింది, మిగతా గీతల్లో అది లేదు. ఈ తెగిన చుక్కల వాటా ఎక్కువవుతుంటే ఫ్రేమ్ వేగం చాలడం లేదని అర్థం: 256 × 256 పిక్సెళ్లు, 2 మైక్రోసెకన్లకు మారితే ఫ్రేమ్ 0.13 సెకన్లకు దిగుతుంది. దూకుళ్లు ఒకే దిక్కున ఎక్కువ కనిపిస్తే స్కాన్‌ను 90 డిగ్రీలు తిప్పి మళ్లీ తీయండి. దిక్కు కూడా తిరిగితే అది స్కాన్ వేసిన వేషం.

సగటు వర్గ స్థానభ్రంశాన్ని కాలంతో గీస్తే వచ్చే గీత వాలులో నాలుగో వంతు విసరణ గుణకం. గీత సున్నా నుంచి మొదలవదు, కేంద్రం పట్టడంలోని పొరపాటు దాన్ని పైకి ఎత్తుతుంది. బలవంతంగా సున్నా గుండా గీస్తే కదలని పరమాణువుకు కూడా కదలిక అంటగట్టినట్టే.

మీరు వెంబడిస్తున్న చుక్క వట్టి ప్లాటినం కాకపోవచ్చు కూడా. ఒకటి రెండు క్లోరిన్లు ఇంకా అంటుకుని ఉన్నా, ప్లాటినం మెరుపు పక్కన అవి కనిపించవు. మొదటి కొద్ది ఫ్రేముల్లో నడక ఒక తీరుగా, తర్వాత ఇంకో తీరుగా ఉంటే ఈ కారణాన్నే ముందు చూడండి.

గుళిక నుంచి స్ఫటికం దాకా

పది ఇరవై పరమాణువులు చేరినప్పుడు స్ఫటికం రాదు. ఫ్రేమ్ ఫ్రేమ్‌కూ ఆకారం మార్చే ముద్ద మాత్రమే ఉంటుంది. ఒక నానోమీటరు దాటాక జాలక గీతలు మెరిసి మాయమవుతుంటాయి. మాయమైతే స్ఫటికం కరిగిందని రాయకండి. పుంజం కింద గుళిక దొర్లుతుంది, గీతలు కనబడేది వరసలు పుంజం దిక్కుకు సమాంతరంగా నిలిచినప్పుడే. ప్లాటినం అని చెప్పాలంటే 0.2265, 0.196 నానోమీటర్ల ఎడాలు రెండూ, వాటి మధ్య కోణంతో సహా, ఒకే ఫ్రేమ్‌లో దొరకాలి. ఒకటిన్నర నానోమీటర్ల గుళికలో 0.2265 వరసలు ఆరే పడతాయి, కాబట్టి ఫోరియర్ చిత్రంలో (వరసల ఎడాలను చుక్కలుగా చూపే గణిత చిత్రంలో) చుక్క వెడల్పుగా ఉంటుంది. స్కేలును ముందుగా గ్రాఫీన్ 0.213 ఎడంతో సరిచూసుకోకపోతే ఆ కొలతను నమ్మలేం.

పెరిగిన తీరు రెండు రకాలు. రెండు గుళికలు కదిలి అతుక్కోవడం ఒకటి. చిన్నది పరమాణువులను ఒక్కొక్కటే వదులుతూ కుంచించుకుపోతే, పెద్దది వాటిని తినడం రెండోది. రెండో దానిలో గుళికల నడుమ విడి చుక్కలు కనబడాలి. కనబడకపోతే లేవని కాదు, ఫ్రేమ్ కన్నా వేగంగా పరిగెత్తి ఉండొచ్చు. దీన్ని పట్టించేది మెరుపు లెక్క: ఫ్రేమ్ మొత్తంలో నేపథ్యం తీసేసిన మెరుపును కూడండి. చిన్నది కోల్పోయినంతా పెద్దదానికి చేరి మొత్తం మారకపోతే పరమాణువులు ఫ్రేమ్‌లోనే ఉన్నాయి. మొత్తం తగ్గుతుంటే బయటికి పోతున్నాయి. పెరుగుతుంటే బయటి నుంచి ప్లాటినమైనా వస్తోంది, హైడ్రోకార్బన్ మురికైనా పేరుకుంటోంది. పొర ఖాళీ భాగం కూడా తెల్లబడుతుంటే అది మురికే. అక్కడ పని ఆపి, తక్కువ మాగ్నిఫికేషన్‌లో పుంజాన్ని వెడల్పు చేసి ఆ చోటంతా పదిహేను నిమిషాలు ఎలక్ట్రాన్లతో తడిపి, కొత్త చోటుకు జరగండి. ఆ తడిపిన చోట ఇక విడి పరమాణువుల లెక్క తీయకూడదు.